నిఘంటువులలోని బొమ్మలు – వాని క్రింది మాటలు

పాత తెలుగు నిఘంటువులను త్రిప్పువారికి 'విశేషము' అను మాట తరచుగా ఎదురగుచుండును. ఒక చెట్టు పేరు వెదకుదుము. 'వృక్షవిశేషము' అని యుండును. ఒక పిట్ట పేరు వెదకుదుము. 'పక్షివిశేషము' అని యుండును. చేపకు 'మత్స్యవిశేషము'. ఆ చెట్టు చింతవలె గుబురైనదా, తుమ్మవలె ముండ్లు గలదా, ఆ పిట్ట గోరువంక యంతయా, గ్రద్ద యంతయా అను సంగతి మాత్రము తెలియదు. విశేషమని చెప్పి విశేషమును దాచుట మన నిఘంటుకారులకు అలవాటైన పని. దీనిని చూచి నవ్వువారున్నారు. మేము మాత్రము నవ్వజాలము. ఆ గ్రంథములు ఎవరికొరకు వ్రాయబడినవో విచారించినచో ఆ మౌనమునకు కారణము కూడ తెలియవచ్చును.

అమరకోశమును కంఠస్థము చేయు సంప్రదాయమునుండి మన నిఘంటువులు పుట్టినవి. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహము పద్యములలోనే యున్నది. 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరమును, 1936లో మొదటి సంపుటము వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువును అకారాదిక్రమమున వచనములో నున్నను, వాని ముఖ్యోద్దేశము కావ్యము చదువువానికి తోడ్పడుటయే. కావ్యమున 'హలము' అని యుండును. చదువరికి తెలియదు. నిఘంటువు 'నాగలి' అని చెప్పును. అంతటితో పని తీరెను. ఏలయనగా ఆ చదువరి యింటి వెనుక గోడకు నాగలి చేరవేసి యుండెను. 1885లో నాగలిని కంట చూడని తెలుగువా డెక్కడ నుండును? కఠినమైన మాటకు తేలికమాట అర్థము. తేలికమాటకు పెరటిలోని వస్తువే అర్థము. ఈ రెండవ మెట్టును నిఘంటుకారుడు వ్రాయనక్కరలేకపోయెను.

ఇప్పుడు ఆ రెండవ మెట్టు విరిగినది. 'హలము' తెలియని పిల్లవానికి 'నాగలి'యు తెలియదు. అర్థముగా చెప్పిన మాటకే మరల అర్థము చెప్పవలసి వచ్చినది.

మా పావగడ తాలూకా సంగతియే చూడుడు. తుమకూరు జిల్లాలోనిదే యైనను ఆ జిల్లాలోని తక్కిన తాలూకాలను తాకని తాలూకా ఇది. మూడు వైపుల ఆంధ్రప్రదేశము, ఒక వైపు చిత్రదుర్గము జిల్లా. ఇంట తెలుగు, బడిలోను కచ్చేరిలోను కన్నడము. వానను నమ్ముకొన్న మెట్టపొలములు, వేరుసెనగ పైరు. నాగలమడికె హోబళిలో తిరుమణి, వళ్లూరు, బలసముద్రము మున్నగు అయిదు గ్రామముల పరిధిలో సుమారు 13,000 ఎకరములను రైతులవద్ద కౌలుకు తీసికొని 2018లో సౌరవిద్యుత్ కేంద్రమును ఆరంభించిరి. మరుసటి యేటి చివరకు 2,050 మెగావాట్ల నిర్మాణము పూర్తియైనది. రైతునకు ఏటేట కౌలుపైకము వచ్చుచున్నది. ఆకాశమువంక చూచి నిట్టూర్చు బాధ తగ్గినది. దీనిని మేము తప్పుపట్టము. కాని ఆ పలకల క్రింద మడక నడవదు. పలకలు లేని పొలములలో ట్రాక్టరు నడచుచున్నది. మడకలు కొన్ని అటక లెక్కినవి, కొన్ని పొయ్యిలోనికి పోయినవి. నేటి పదేండ్ల పిల్లవానికి మడక యన్నది అవ్వ నోటిలోని మాటయేగాని కంటికి కనబడిన వస్తువు కాదు. నిఘంటువులలోని బొమ్మలను గూర్చి మేమింత పట్టుదలతో వ్రాయుటకు ఇదియే కారణము.

బొమ్మతో మాట నేర్పవలెనను తలపు క్రొత్తది కాదు. చెకు దేశీయుడగు కొమీనియస్ 1658లో నురెంబర్గు నగరమున ప్రకటించిన బాలల పుస్తకమున ప్రతి విషయమునకు ఒక బొమ్మ, బొమ్మలో అంకెలు, ఆ అంకెల ప్రకారము లాటిను మాటయు జర్మను మాటయు ఉన్నవి. ఆంగ్లమున ఓగిల్వీ పండితుని ఇంపీరియల్ నిఘంటువు 1850 నాటికి రెండువేలకు పైగా బొమ్మలతో వెలసినది. అమెరికావారి వెబ్‌స్టరు నిఘంటువు 1828లో బొమ్మలు లేకయే పుట్టి, 1859 కూర్పులో బొమ్మలు చేర్చుకొన్నది. ఫ్రెంచివారి లారూస్ 1905లో సచిత్రముగా వెలువడి యింటింటి పుస్తకమైనది. ఇవి యన్నియు చేతితో వేసిన గీతబొమ్మలే. కొయ్యపై చెక్కిన దిమ్మను సీసపు అక్షరముల ప్రక్కన బిగించి ఒకే అచ్చున తీయవచ్చును గనుక నిఘంటువున కది అనుకూలమైనది.

ఛాయాచిత్రమునకు ఈ సౌలభ్యము లేకపోయినది. ఫోటోలోని నీడల చాయలను చుక్కలుగా విడగొట్టు హాఫ్‌టోను పద్ధతి 1880 తరువాతగాని వాడుకకు రాలేదు. వచ్చిన పిమ్మటను కాగితముతో చిక్కు తీరలేదు. పత్రికల ముతక కాగితమునకు అంగుళమునకు 65 మొదలు 85 గీతల జాలితో తీసిన బ్లాకు కావలెను; చుక్కలు లావుగా నుండును, సన్నని భాగములు మాసిపోవును. 133, 150 గీతల జాలితో తీసిన బ్లాకునకు నున్నని ఆర్టుకాగితము కావలెను. వేయిపుటల నిఘంటువును ఆర్టుకాగితముపై అచ్చువేసినచో మోయుటకు బండి కావలెను. కావున ఫోటోలు నిఘంటువులలో చేరుటకు చాల కాలము పట్టినది. 1969లో వెలువడిన అమెరికన్ హెరిటేజ్ నిఘంటువు పుటల అంచులను వెడల్పు చేసి, ఆ అంచులలో ఫోటోలను నింపి పేరుపొందినది. నేటి ఆఫ్‌సెట్ అచ్చునకు పై చిక్కులు పెద్దవి కావు.

ఇక మన దేశమునకు వత్తము. తెలుగు పేర్లకు బొమ్మలు వేయింపవలెనను బుద్ధి నిఘంటుకారులకంటె ముందు వృక్షశాస్త్రజ్ఞునకు పుట్టినది. సామర్లకోటలో నుండిన రాక్స్‌బరో దొర మన దేశీయులగు చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వేయించి, వానిలో 300 బొమ్మలను 1795 మొదలు 1820 వరకు మూడు పెద్ద సంపుటములుగా లండనులో వెలువడజేసెను. ఆ మొక్కల తెలుగు పేర్లను ఆయన శ్రద్ధతో వ్రాసికొనెను. తరువాత 1852లో బ్రౌను దొర తన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించునప్పుడు మొక్కల పేర్లకు లాటిను నామములను చేర్చెను. 'వృక్షవిశేషము'కంటె ఇది మేలే. లాటిను పేరు తెలిసినచో ఎవడైనను ఏదో గ్రంథాలయమున బొమ్మను పట్టుకొనవచ్చును. కాని ఆ బొమ్మ మన రైతుకు గాని, మన పంతులుకు గాని చిక్కలేదు. బొమ్మ లండనులో, పేరు కడపలో, రెంటికి నడుమ లాటిను.

బ్రౌను నిఘంటువులో మాకు నచ్చిన గుణము మరియొకటి కలదు. ఆయన కడపలో ఉద్యోగము చేసినవాడు. కావ్యములనే గాక కచ్చేరికి వచ్చువారి నోటిమాటలను గూడ వినెను, వినినవానిని వ్రాసెను. 'మడక' వంటి మాటను నాగలితో పాటు చేర్చుకొనుటకు ఆయన సంకోచింపలేదు. పండితులు గ్రామ్యమని త్రోసివేసినవానిని పరదేశి యెత్తి పెట్టెను. బొమ్మయొక్కటే లేదు.

మాట, వస్తువు, ఫోటో ఈ మూటిని ఒకచోట చేర్చిన గొప్ప ప్రయత్నము మన దేశమున తెలుగునాట గాక బీహారున జరిగినది. అక్కడ ఉద్యోగము చేసిన గ్రియర్సను దొర, అనగా తరువాత భారత భాషాపరిశీలన గ్రంథములతో ప్రసిద్ధుడైనవాడు, 1885లో 'బీహారు రైతుజీవితము' అను గ్రంథమును ప్రకటించెను. తాను స్వయముగా తీసిన ఛాయాచిత్రముల ననుసరించి వేయించిన బొమ్మలు అందు గలవని ముఖపత్రముననే చెప్పుకొనెను. మన శబ్దరత్నాకరము వెలువడిన సంవత్సరమే అది! ఒకే యేట ఒకచోట కావ్యముల మాటలకు అర్థములు, మరియొకచోట మడకకు, బండికి, కుండకు బొమ్మలు.

ఆ గ్రంథము అకారాదిగా లేదు. వస్తువులవారీగా నున్నది. దుక్కి పనిముట్లతో మొదలిడి, నాగలిలోని ఒక్కొక్క భాగమునకు ఏ జిల్లావారు ఏమందురో చెప్పుచు పోవును. మాటలు రోమను లిపిలోను, నాట్టు లిపిలోను ఉన్నవి. దొర బొమ్మను అలంకారముగా వాడలేదు. 'ఈ పుల్లకు ఈ పేరు' అని చూపుటకు వాడెను. ఫోటోను నేరుగా అచ్చువేయక, దాని ననుసరించి గీతబొమ్మ వేయించుట అచ్చు చిక్కులవలన కావచ్చును. కాని దానివలన మేలే కలిగినదని మా అభిప్రాయము. ఫోటో సాక్ష్యము చెప్పును, గీత భాగములను విడదీసి చూపును. ఒకదానిని ఆధారముగా చేసికొని రెండవదానిని వేయుటలో రెంటి గుణములును చేరినవి.

తెలుగున ఇట్టి పనికి 1962 వరకు ఆగవలసి వచ్చినది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షమున భద్రిరాజు కృష్ణమూర్తిగారు సంపాదించిన మాండలిక వృత్తిపదకోశము మొదటి సంపుటము, వ్యవసాయ పదములది, ఆ యేట వెలువడెను. 1968లో బూదరాజు రాధాకృష్ణగారి సంపాదకత్వమున వాస్తుపదములు, 1971లో మరల కృష్ణమూర్తిగారిచేతనే చేనేత పదములు వచ్చినవి. మా యెరుకలో గడచిన నూరేండ్ల తెలుగు నిఘంటువులలో ఇంతటి గౌరవమునకు తగినది మరియొకటి లేదు. ఏలయనగా ఇది గ్రంథములనుండి గ్రంథము చేసినది కాదు. ఊరూర తిరిగి, రైతును, వడ్రంగిని, సాలెవానిని అడిగి, ఏ మాట ఏ జిల్లాలోనిదో గుర్తు వేసి, పనిముట్లకు బొమ్మలు చేర్చి కూర్చినది. ఒక వస్తువునకు అయిదారు పేర్లున్నచో అయిదారును ఇచ్చినది. కోస్తావాని నాగలికి, రాయలసీమవాని మడకకు ఒకే పీట వేసినది. ఏది సాధువు, ఏది అసాధువు అని తగవు తీర్చుటకు కూర్చుండలేదు. ఆ మాటల ఎల్లలనుబట్టి తెలుగుదేశము భాషలో నాలుగు మండలములని కృష్ణమూర్తిగారు తేల్చుటయు ఈ పనివలననే జరిగినది.

అయినను మా కొక కొరత కలదు, అది సంపాదకుల దోషము కాదు. సేకరణ జరిగినది ఆంధ్రప్రదేశ్ జిల్లాలలో. మేము 1956కు ముందును మైసూరువారము, తరువాతను మైసూరువారము, 1973నుండి కర్ణాటకమువారము. మడకశిర రైతు నాడిన మాటకు నిఘంటువున జిల్లా గుర్తుతో చోటు దొరకినది. ఆ గట్టునకు ఇవతల అదే మడకను అదే పేరుతో పిలిచిన మా తాలూకా రైతునకు గుర్తు లేదు. కొన్ని మాటలు రెండువైపుల ఒకటే గనుక అనంతపురము పేర మా మాటయు లోపలికి పోయినదని తృప్తిపడవచ్చును. కాని అన్నియు ఒకటి కావు. రాయలసీమవాని గొర్రును మా వైపు కొందరు కన్నడపు పేరుతో కూరిగె యందురు. గుంటకయు కుంటెయు ఒకే యింట వినబడును. పదును అను మాటకు హద అను కన్నడపు మాట తోడుండును. 'ప'కారము 'హ'కారమైన అక్కచెల్లెండ్రవి, పాలు హాలైనట్లు. ఇట్టి జంటమాటలు సరిహద్దున పుట్టినవి, సరిహద్దుననే బ్రదుకును. కన్నడ సాహిత్య పరిషత్తువారు 1970 మొదలు 1995 వరకు ఎనిమిది సంపుటములలో మహానిఘంటువును కూర్చిరి. కన్నడమునకు అది గొప్ప సేవ. అందు మా తెలుగునకు చోటు అడుగుట న్యాయము కాదు. కిట్టెలు దొర 1894లో తన కన్నడ నిఘంటువున తెలుగు మాటలను పోలికకు చూపెను గాని అవి గ్రంథములలోని తెలుగు. కావున అటువారి పుస్తకములో మా ఊరు లేదు, ఇటువారి పుస్తకములో మా మాట లేదు.

నేడు బజారులో దొరకు రంగుల బొమ్మల నిఘంటువులు ఈ లోటును తీర్చునా? మేము మా మనుమల కొరకు అట్టివి నాలుగైదు కొని చూచితిమి. ప్రకటించినవారి పేర్లు మాకు ముఖ్యము కావు. అవి యన్నియు ఒక్క తీరుననే యున్నవి. అచ్చు అందముగా నున్నది, ఫోటోలు మెరయుచున్నవి. అందులో 'ఇల్లు' అనుచోట ఎర్రపెంకుల వాలుకప్పు, పొగగొట్టము, ముందు పచ్చికబయలు. 'పొలము' అనుచోట కనుచూపుమేర గోధుమ. ఈ ఫోటోలు ఏ దేశమున తీసినవో చెప్పుటకు భూగోళశాస్త్రము చదువనక్కరలేదు. ఒక పరదేశపు పుస్తకమునకు తెలుగు పేర్లు అంటించినట్లున్నది. మా వైపు ఇల్లన్నచో మట్టిమిద్దె. దూలములపై దంతెలు పరచి, పైన చౌడుమన్ను కప్పి, వెలుతురునకు గవాచి వదలుదురు. ఈ 'మిద్దె' యను మాటయే ఒక పాఠము. కోస్తావానికి మిద్దె యనగా మేడ తలపునకు వచ్చును. మాకు ఒంటియంతస్తు మట్టిల్లయినను మిద్దెయే. ఒకే మాట, రెండు వస్తువులు. ఇట్టిచోట వంద మాటల వివరణకంటె రెండు ఊళ్ల రెండు ఫోటోలు ప్రక్కప్రక్కన నుంచుట మేలు. కాని బజారు నిఘంటువున మిద్దె యను మాటయే లేదు.

ఇంతకంటె పెద్ద దోషము బొమ్మ క్రింద నున్నది. అక్షరములతో మాత్రమే నడచు నిఘంటువు ఎంత బీదదైనను నాగలి, మడక రెంటిని రెండు చోట్లనైన ఉంచగలదు. బొమ్మల నిఘంటువు అట్లు కాదు. ఒక బొమ్మ, క్రింద ఒక గీత, ఆ గీతపై ఒకే పేరు. ఆ పేరు పాఠ్యపుస్తకములోని పేరు. వేరుసెనగ బొమ్మ క్రింద 'వేరుశనగ' అని యున్నది. మా యిండ్లలో అది శెనక్కాయ, అనంతపురమువైపు బుడ్డలనువారున్నారు, తెలంగాణమున పల్లీలు, మా బడిలో కడలెకాయి. అయిదు మాటలలో బొమ్మ ఒక్కదానిని ఎంచుకొని తక్కిన నాల్గింటిని వీధిలో నిలిపినది. బొమ్మకు బలమెక్కువ. కంటికి కనబడిన దానిని బాలుడు మరువడు. 'అవ్వా, అది మడక కాదంట, నాగలంట!' అని పుస్తకము తెచ్చి చూపినచో ఆ ముసలమ్మ ఏమని వాదింపగలదు? ఆమెకు అక్షరము రాదు, పుస్తకమునకు అక్షరము వచ్చును. ఆ దినము మొదలు ఆ యింట మడక యను మాట తప్పు మాటగా నిలుచును. నిఘంటువు లేనప్పుడు బ్రదికిన మాట నిఘంటువు వచ్చి చచ్చినట్లగును. ఇట్టి పుస్తకము మాకు మేలుకంటె కీడే చేయుచున్నదని మా నిశ్చయము; అందమును చూచి కొను తల్లిదండ్రులు ఈ సంగతిని యోచింపవలెను.

ఫోటోయే అన్నిటికి చాలునను భ్రమయు తగదు. వై.యన్. హొసకోట పట్టుమగ్గములకు మా తాలూకాలో పేరుపడినది. అచటి గుంటమగ్గమును ఎంత మంచి కెమెరాతో తీసినను వచ్చునది సగమే. పడుగు కనబడును, పేక కనబడును, అచ్చు కనబడును, నాడె ఒక గీతవలె మసకగా కనబడును. నేతగాని కాళ్లును, కాళ్ల క్రింది తొక్కుడు పలకలును గుంటలో చీకటిలో నుండును. మగ్గమునకు ప్రాణమైన భాగము ఫోటోలో లేదు. పాతర సంగతియు అంతే. ధాన్యము దాచు పాతరను ఫోటో తీసినచో నేలపై నొక బండరాయి కనబడును; లోపలి కడుపు కనబడదు. ఇట్టివానికి నేలను నిలువున కోసినట్లు చూపు గీతబొమ్మయే కావలెను. ఫోటో ఎందులకు కావలెననగా, మనిషి చేయి ఎక్కడ పట్టుకొనునో, వస్తువు మనిషితో పోల్చినచో ఎంతటిదో, కర్ర ఎక్కడ నునుపెక్కినదో చూపుటకు. మేడిపై అరచేయి పట్టి పట్టి మెరుగెక్కిన తావును ఏ చిత్రకారుడును ఊహించి వేయలేడు. వస్తుప్రదర్శనశాలలోవలె తెల్లగుడ్డపై మడకను పరుండబెట్టి తీసిన ఫోటోలను చూచితిమి. అది మడకవలె గాక ముసలివాని యెముకవలె నుండును.

నేడు ప్రతి యింటను చేతిఫోనులో కెమెరా యున్నది. పెండ్లిండ్లకును, శనైశ్చరుని గుడి యాత్రలకును అది దినదినము పనిచేయుచున్నది. మన సంఘమువారు ఈ సంచికలవెంట చిన్న సచిత్ర పదకోశము నొకదానిని వెలువరింపదలచినచో పరికరములకు లోటు లేదు; పద్ధతియే కావలెను. అటక మీది మడకను దింపి, కాడికి కట్టి, పట్టుట తెలిసినవానిచేత పట్టించి తీయవలెను. ప్రక్కనే గీతబొమ్మ వేసి కర్రు, మేడి, నొగ, కాడి అని భాగములకు అంకెలిడవలెను. ఒక్కొక్క అంకెకు ఎన్ని పేర్లు వినబడిన అన్ని పేర్లును, ఏ ఊరి పేరు ఏదో ఆ ఊరి గుర్తుతో వ్రాయవలెను. కన్నడమునుండి వచ్చిన మాటను ఏరివేయరాదు. కూరిగె యన్న తెలుగు రైతు తెలుగుననే అన్నాడు.

లిపిని గూర్చి సంఘములో తగవు వచ్చునని మాకు తెలియును. మన పిల్లలలో చాలమంది తెలుగు మాటలాడుదురు, తెలుగు చదువలేరు. వారి చదువు కన్నడ లిపిలో సాగినది. తెలుగుమాటను కన్నడ లిపిలో అచ్చువేయుట అపచారమని పెద్దలు కొంద రనుచున్నారు. వారి అభిమానమును మేము గౌరవింతుము. వారి మాటను ఒప్పుకొనము. తెలుగు లిపిలో మాత్రమే అచ్చువేసినచో ఆ పుస్తకమును మేమును, మా వయస్సువారిలో తెలుగు నేర్చినవారు కొందరును చదువుదుము. మాకు మడక అర్థము చెప్పనక్కరలేదు. చెప్పవలసినవాడు దానిని చదువలేడు. గ్రియర్సను దొర రెండు లిపులు వాడినట్లే మనమును ప్రతి పేరును రెండు లిపులలో వ్రాయుట ఉచితము. రెండు లిపులు ఎంత దగ్గరివనగా, ప్రక్కప్రక్కన చూచిన బాలుడు బొమ్మ సాయమున నెలదినములలో రెండవదానిని పోల్చుకొనుటకును అవకాశము కలదు.

ముందుగా ఏ వస్తువుతో ఆరంభింపవలెనని అడిగినచో మేము కపిలె యనియే చెప్పుదుము. కోస్తావారి మోట అది. మడక ఇంకను అటకపై నైన నున్నది. కపిలె బోరుబావులు వచ్చిన దినమునుండియే పోయినది. ఎద్దులు పల్లమునకు దిగుచు మోకును లాగుట, తోలుబాన బావినుండి పైకి వచ్చుట, సన్నతాటిని వదలినంతనే తొండము నీటిని కాలువలోనికి క్రక్కుట, ఎద్దులు వెనుకకు నడచుట, ఇదంతయు ఫోటో తీయుటకు నేడు వీలు లేదు. మిగిలినది పూడిపోయిన బావుల ఒడ్డున నిలిచిన రాతికంబములు, గిలక యిరుసు ఒరసి అరిగిన గాడి, ఎద్దులు దిగిన పల్లపుబాట. వానిని ఫోటో తీయవలెను. తక్కినదానిని కపిలె తోలిన ముసలివారిని అడిగి గీతబొమ్మగా వేయింపవలెను. అట్టివారు ఊరికి ఒకరిద్దరు మాత్రమే యున్నారు. లావుతాటిని మోకనువారు కొందరు, మిణి యనువారు కొందరు. మోకు వేరు, మిణి వేరు, ఒకటి నారది, ఒకటి తోలుది యని వాదించువారును కలరు. బొమ్మ క్రింద ఈ రెండు పేర్లును ఉండవలెను, ఆ వాదమును ఉండవలెను.